ముద్ద పట్టిన చెయ్యి

"నరేన్ దగ్గరికి నేను పోను" అన్నాడు శ్యామ్. అని, చెప్పులు కూడా విప్పకుండా కింద త్రాసుల వర్క్‌షాపులోకి దిగిపోయాడు.

భువనేశ్వరి మెట్ల మీదే నిలబడిపోయింది. చెన్నై ప్యారీస్‌లో లాయరమ్మ ఆఫీసు నుంచి చూలై దాకా బస్సులో నోరు మెదపని మనిషి, ఇల్లు చేరగానే ఆ ఒక్క ముక్కా విసిరేసి పోయాడు. శ్యామ్‌కు కోపమొస్తే మాట్లాడడు. కోపం రాకపోయినా మాట్లాడడు. ఏది ఏదో కనిపెట్టుకోవడంలోనే ఆమె కాపురం సగం గడిచిపోయింది.

ఊరుకుంటే ఆమె భువనేశ్వరి ఎట్లా అవుతుంది? తనూ వెనకాలే దిగింది.

"పోకపోతే ఎట్లా? సోమవారం వాయిదా. మేడమ్ చెప్పింది వినలేదా మీరు? ఫోటో తీసినోడు వచ్చి, నేనే తీసినా, ఈ ఫోన్లోనే తీసినా అని చెప్తే గానీ అది కోర్టులో చెల్లదంట."

"విన్నా."

"తీసింది నరేన్."

"అదీ విన్నా."

"మరి?"

శ్యామ్ బల్ల మీద ఉన్న పాత త్రాసును దగ్గరికి లాక్కుని, ముల్లు మీద దుమ్ము ఊదాడు. "వాడు మా అన్న కొడుకు. పోయి మీ నాయన మీద సాక్షి చెప్పురా అని అడగాల్నా? నాకు చేతకాదు. ఇల్లు పోతే పోనీ."

"పోనీయా? పోనిస్తే ఈ త్రాసులన్నీ నెత్తిన పెట్టుకోని ఏ వీధిలో నిలబడతారు మీరు? ఖాళీ చెయ్యమని మీ అన్న నోటీసు పంపింది మనకా, ఎదురింటోళ్ళకా?"

శ్యామ్ ఒక పళ్ళెంలో రాయి పెట్టాడు. ముల్లు అటూ ఇటూ ఊగి ఒక పక్కకే ఆగిపోయింది. తీసి మళ్ళీ పెట్టాడు.

ఆమె బాధ ఆమెది. మామ గోపాలయ్య చనిపోయి నెల తిరక్కుండానే పెద్దకొడుకు జయరామ్ మాధవరం నుంచి ఒక వీలునామా పట్టుకొచ్చాడు. కింద వర్క్‌షాపు, పైన ఇల్లు, మొత్తం పెద్దకొడుక్కే. అడుగున మామ సంతకం, ముత్యాల్లాంటి కుడిచేతి సంతకం. తేదీ నిరుటి ఆగస్టు పదకొండు, ఆదివారం. సాక్షులు ఇద్దరు. ఒకడు జయరామ్ స్నేహితుడు. రెండో సాక్షి జయరామ్ పెళ్ళాం కనకవల్లి, అంటే భువనేశ్వరి తోడికోడలు.

చిక్కంతా ఆ కుడిచేతి దగ్గరే వచ్చింది. ఆ తమిళ ఆడి నెలంతా, జులై నడుమ నుంచి ఆగస్టు నడుమ దాకా, మామ కుడిచేతికి కట్టుంది. వర్క్‌షాపు గడప మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఆస్పత్రికి పోదామంటే వింటేనా? "ఎముక విరిగితే పుత్తూరు కట్టు, జొరమొస్తే మిరియాల కషాయం. ఆస్పత్రికి పోయేది చావడానికే" అని తెగేసి చెప్పాడు. వీధి చివర పుత్తూరు కట్టు కట్టే ధర్మలింగం వచ్చి, ఆకు పసరు పూసి, గుడ్డుసొనలో తడిపిన గుడ్డ చుట్టి, వెదురు దబ్బలు పెట్టి, వేళ్ళ నుంచి మోచేతి దాకా బిగించిపోయాడు. ఎక్స్‌రే లేదు, చీటీ లేదు, మందుల బిల్లు లేదు. ఇప్పుడు ధర్మలింగమూ లేడు, ఆయన కొట్లో పళ్ళరసాలు అమ్ముతున్నారు. ఆ వీధిలో అందరి ఎముకలూ అట్లాగే అతుక్కున్నాయి. ఏదో ఒకనాడు కోర్టు కాగితం అడుగుతుందని ఎవరు కలగన్నారు?

కట్టు కట్టిన మాట నిజమే, కానీ ఆగస్టు రాకముందే విప్పేశాం అంటాడు జయరామ్. వినాయక చవితి దాకా ఉంది అంటుంది భువనేశ్వరి. నువ్వంటే నువ్వు అనుకోవడమే గానీ రుజువు ఎవరి దగ్గరా లేదు.

ఉన్నదల్లా ఒక్క ఫోటో. అందులో మామ కట్టుచేతిని మెడకు వేలాడే గుడ్డలో పెట్టుకుని, నోరు తెరిచి ముందుకు వంగి ఉన్నాడు. పక్కనుంచి ఒక ఆడచెయ్యి ముద్ద అందిస్తోంది. చేతికి ఆకుపచ్చ గాజులు. ఆ చెయ్యి దాటి ఏమీ కనబడదు, ఫోటో అక్కడికే కత్తిరించి ఉంది. మామ కర్మ రోజున నరేన్ దాన్ని కుటుంబం గ్రూపులో పెట్టాడు, "మిస్ యూ తాతా" అని.

"అదే తంటా" అంది లాయరు జయంతి మేడమ్ ఈ పొద్దున. "వాట్సాప్‌లో వచ్చిన ఫోటోకి పుట్టినరోజు ఉండదమ్మా. మీ చేతికి చేరిన రోజే ఉంటది. మీ మామగారు పోయినాక చేరిన ఫోటోతో ఆయన బతికున్నప్పటి తేదీ ఎట్లా చూపించేది? తీసిన ఫోను కావాలి. తీసిన రోజు, టైము అసలు ఫోటో లోపలే ఉంటది. ఆ ఫోను ఇప్పుడు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు, ఇది ఈ ఫోన్లోదే అని సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాలి."

"గాజులు చూడండి మేడమ్. ఆడిపూరం పండక్కి అమ్మవారి గుడిలో ఇచ్చినవి. నిరుడు ఆడిపూరం ఆగస్టులోనే కదా వచ్చింది. అంటే అప్పటికి కట్టు ఉన్నట్టే కదా?"

"అమ్మవారు గాజులు ఏటా ఇస్తుందమ్మా. ఇదిగో నావీ ఆకుపచ్చే. జడ్జిగారికి ఇవి కూడా చూపించాల్నా?"

అదీ నిజమే. కానీ భువనేశ్వరికి ఆ గాజుల మీద అనుమానం లేదు. చెయ్యి తనదైతే గాజులు తనవి కాకపోతాయా? కోర్టుకిచ్చిన ప్రమాణపత్రంలో అదే రాయించింది. "ఫోటోలో తినిపిస్తున్నది నా చెయ్యే. కట్టున్నన్నాళ్ళూ మూడుపూటలా నేనే తినిపించినాను. పెద్దకోడలు ఒక్కపూట కూడా ఒక్క ముద్ద పెట్టినది లేదు." చివరి వాక్యం కేసుకి అక్కర్లేదు, తీసేద్దాం అంది లాయరమ్మ. తీస్తే కేసే వద్దంది భువనేశ్వరి. పట్టుబట్టి రాయించి సంతకం పెట్టింది.

"సరే, మీరు పోవద్దు. నేనే పోతా" అంది మొగుడితో.

శ్యామ్ తలెత్తాడు. "వాణ్ణి ఏడిపించొద్దు భువనా" అన్నాడు. ఆ రోజుకి అదే ఆఖరి మాట.

నరేన్ పెరంబూరులో ఒక బైకుల షోరూములో పని చేస్తాడు. సాయంత్రం టీ వేళకి భువనేశ్వరి వెళ్ళేసరికి ఎవరో కస్టమరుతో తమిళంలో బ్రేకుల గురించి వాదిస్తున్నాడు. ఆమెను చూడగానే వాదన సగంలో వదిలేసి వచ్చి, టీ తెప్పించాడు.

"చిన్నమ్మా! ఏంది ఇంత దూరం? చిన్నాయనకేమన్నా..."

"చిన్నాయనకేం, గుండ్రాయిలాగా ఉండాడు. నిన్ను చూడాలనే వచ్చినా."

బడి రోజుల్లో ఈ పిల్లాడు సగం రోజులు చూలైలోనే పెరిగాడు. తాత త్రాసు పళ్ళెంలో కూర్చుని బరువు తూచమని గోల చేసేవాడు. ఇప్పుడు గడ్డం పెంచి, మెడలో కార్డు వేసుకుని ఎదురుగా నిలబడితే భువనేశ్వరికి మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఆ ఇబ్బంది వాడే తీర్చాడు.

"ఫోటో గురించే కదా? తీసింది నేనే."

"ఎప్పుడు తీసినావు నాయనా? గుర్తుండాదా?"

"ఆమా, బాగా గుర్తు. ఆడి కూళు పోసిన ఆదివారం. మేమందరం మాధవరం నుంచి వచ్చినామే, ఆ రోజు. మీరు గుడి ముందర వీధిలో కూళు పోస్తా ఉండారు. ఎండకి తట్టుకోలేక నేను పైకి వచ్చేసినా. తాత అన్నం తింటా ఉన్నాడు, ఒకటి కొట్టినా."

కూళు పోసిన ఆదివారం! వీలునామా మీద ఉన్న ఆదివారం కూడా అదే. అమ్మవారికని రాగి అంబలి కాచి వీధంతా పోసిన రోజు. భువనేశ్వరికి ఆనందం పట్టలేక వాడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆ మాటే సోమవారం వచ్చి చెప్పు నరేన్. ఆ ఫోను తీసుకోని రా. అంతే చాలు."

"ఫోను నా దగ్గర లేదు చిన్నమ్మా. కొత్తది కొన్నాక పాతది అమ్మకి ఇచ్చేసినా. బ్యాకప్పు కూడా లేదు, స్థలం నిండిపోయిందని ఎప్పుడో ఆపేసినా. ఫోటో ఉంటే ఆ ఫోన్లోనే ఉంటది."

"అయితే మీ అమ్మని అడిగి..."

వాడు చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు. కాసేపు షోరూము అద్దంలోంచి రోడ్డు చూశాడు.

"మీరు రమ్మంటే వస్తా చిన్నమ్మా. చూసింది చెప్తా. అబద్ధం చెప్పను. కానీ ఆ తర్వాత నాన్న ఎదురుగా కూర్చోని నేను అన్నం తినలేను. అది కూడా మీరే ఆలోచించి చెప్పండి."

అరిచి కాదంటే ఆమె కూడా అరిచేదే. వాడు మెల్లగా అన్నాడు.

"వద్దులే నాయనా. టీ తాగు, ఆరిపోతా ఉండాది" అని వచ్చేసింది.

బస్సులో సీటు దొరికింది. కూర్చున్నాక గానీ నరేన్ మాట మళ్ళీ చెవిలో పడలేదు. మీరు వీధిలో కూళు పోస్తా ఉండారు.

తను వీధిలో ఉంటే, పైన ముద్ద పెట్టిన చెయ్యి ఎవరిది?

కుర్రాడు పొరబడుంటాడు అనుకుంది. మరి తేదీ కూడా పొరబడినట్టేనా? తేదీ నిజం, చెయ్యి అబద్ధం అంటే ఎట్లా కుదురుతుంది? చూలై చేరినా ఆమెకు ఆ లెక్క తెగలేదు.

మర్నాడు ఆదివారం. శ్యామ్ తొండియార్‌పేటలో ఎవరి కొట్లోనో త్రాసు బిగించడానికి పోయాడు. భువనేశ్వరి పొయ్యి మీద పప్పు పెట్టి తిరిగేసరికి గుమ్మంలో కనకవల్లి నిలబడి ఉంది. ఒక్కతే. జాకెట్టంతా చెమట, చేతిలో చిన్న సంచి.

కేసు మొదలయ్యాక ఆమె ఈ గడప తొక్కడం ఇదే మొదటిసారి. ఎదురుపడితే ఏమనాలో భువనేశ్వరి నెలల తరబడి మాటలు కూడబెట్టి పెట్టుకుంది. తీరా చూస్తే నోట్లోంచి, "రా అక్కా, కూర్చో" అని వచ్చింది. అలవాటు ఎక్కడికి పోతుంది?

మంచినీళ్ళు ఇచ్చింది. కనకవల్లి గడగడా తాగేసి, చెంబు పక్కన పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుంది. అది మామ కూర్చునే చోటు.

"నరేన్ రాత్రి అన్నం తినలే" అంది. "ఏమిరా అంటే, చిన్నమ్మ వచ్చింది, ఫోటో అడిగింది అన్నాడు. గుడికి పోతా అని చెప్పి వచ్చినా నేను."

సంచిలోంచి ఫోను తీసింది. పక్కలు అరిగిపోయిన పాత ఫోను. బొటనవేలు పెట్టి తెరిచి, కాసేపు వెతికి, భువనేశ్వరి చేతికిచ్చింది.

అదే ఫోటో, కానీ కత్తిరించనిది. మామ, కట్టుచెయ్యి, ముద్ద, గాజులు. ఆ చెయ్యి వెంట చూపు పోతే భుజం, భుజం మీద వంగపండు రంగు చీర, ఆ చీరలో కనకవల్లి. మామ నోరు తెరిస్తే పసిపిల్లలకు తినిపించేటప్పటి మాదిరి తనూ నోరు తెరిచి ఉంది. అడుగున చిన్న అక్షరాల్లో తేదీ, ఆగస్టు పదకొండు. మధ్యాహ్నం.

భువనేశ్వరి కళ్ళు ఆ తేదీ మీద ఒకసారి, ఆ మొహం మీద ఒకసారి పడి లేచాయి. ఇల్లు దక్కింది. తను రాసిచ్చిన ప్రమాణం అబద్ధమైంది. రెండూ ఒకే ఫోటోలో ఉన్నాయి.

"నేననే అనుకున్నా అక్కా" అంది ఎట్టకేలకు. "దేవుడి సాక్షిగా. రోజూ పెట్టేదాన్ని కదా. ముద్ద పట్టిన చెయ్యి చూస్తే నాదే అనిపించింది."

"గాజులు ఇద్దరికీ నువ్వే తెచ్చినావు గుడి నుంచి. నాకూ రెండు డజన్లు పంపించినావు."

"ఆమా" అంది భువనేశ్వరి. అదీ మర్చిపోయింది.

"నువ్వు కూళు పోసి వచ్చి, మామ తిన్నాడా అని అడిగినావు. తిన్నాడు అని చెప్పినా. ఎవరు పెట్టినారని నువ్వు అడగలే." కనకవల్లి గొంతు గట్టిగానే ఉంది, కానీ చీర కొంగు వేలికి చుడుతూ విప్పుతూ ఉంది. "మునగాకు కూరన్నం. చాలు చాలు అంటానే ఇంకో నాలుగు ముద్దలు తిన్నాడు. కోర్టు కాగితం వచ్చినప్పుడు మా ఆయన గట్టిగా చదివి వినిపించినాడు. ఇంటి గురించి నువ్వేమి రాసుకున్నా నాకు బాధ లేదు భువనా. పెద్దకోడలు ఒక్క ముద్ద పెట్టలేదని రాసినావే! నలుగురు మొగవాళ్ళు కూర్చోని చదివే కాగితంలో! రెండు రోజులు నాకు ముద్ద దిగలే."

భువనేశ్వరికి సిగ్గేసింది. సిగ్గేసిందని కోపమూ వచ్చింది.

"మరి నువ్వు పెట్టిన సంతకమో? చేతికి కట్టున్న మామకు ముద్ద పెట్టినదానివి, అదే రోజు ఆ చేత్తోనే ఆయన సంతకం చేస్తే చూసినానని సాక్షి రాసినావు కదా?"

"రాసినా." కనకవల్లి దాచలేదు. "ఆ కాగితం నా ముందరికి వచ్చింది మామ పోయినాక. పెట్టు అన్నాడు మా ఆయన, పెట్టినా. ఏ తేదీ వేసినారో కూడా చూడలే. కూళు రోజు అందరం ఈడే ఉండాం కదా, ఎవరడిగినా నమ్ముతారని ఆ రోజు వేసినారంట. పిల్లోడు ఆ ఫోటో తీసింది ఆ రోజేనని ఆయనకేం తెలుసు, పావం."

మొగుణ్ణి పావం అంటున్న ఆమెను చూసి భువనేశ్వరికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లోపల పప్పు అడుగంటుతున్న వాసన వచ్చింది. లేచి పోయి పొయ్యి ఆపి వచ్చింది.

"ఇప్పుడు ఫోను నాది" అంది కనకవల్లి. "నరేన్ చెప్పినాడు, సర్టిఫికెట్ మీద నేనే సంతకం పెట్టాలంట. దీన్ని చెరిపేసేది కూడా ఒక్క వేలు పని, అదీ నేర్పినాడు వాడే. మొదటి సంతకం ఆయన చెప్పినాడని పెట్టినా. ఈ రెండోది ఎవరు చెప్పినారని పెట్టాలి? నువ్వు చెప్పు."

"పెడితే నీ మీదికి వస్తుంది అక్కా. దొంగసాక్షి అంటారు."

"తెలుసు. చదువుకోకపోతే మాత్రం తెలియదా?" ఫోను వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. "నేను పెడతా. ఒకటే మాట. ముందు నువ్వు రాసింది నువ్వు మార్చాల. నా చెవిలో గుసగుసగా కాదు. ఆ రోజు మామకు తినిపించింది కనకవల్లి అని అందరి ముందర చెప్పాల. అట్లయితేనే పెడతా."

ఎంత చిన్న మాట! ఇంటికి బదులు ఒక్క మాట. అయినా అది అనడానికి భువనేశ్వరికి మనసొప్పలేదు. మూడుపూటలా చేసినది తను. ఒక్కపూట చేసి పోయిన మనిషి ఫోటోలో పడింది. ఒళ్ళు తుడిచింది, గుడ్డలు ఉతికింది, రాత్రిళ్ళు లేచి కూర్చున్నది ఏ ఫోటోలో ఉంది?

"మేడమ్‌ని అడగాల" అంది నసుగుతూ. "ముందొకటి చెప్పి తర్వాతొకటి చెప్తే మీ వైపు లాయరు నన్ను చీల్చి చెండాడతాడు."

"అడుగు. నేను గుడికి పోయినదాన్ని, తొందరగా పోవాల."

ఫోను ఆమె ఒళ్ళో గుర్రుమంది. కనకవల్లి చూసి, బోర్లా తిప్పి పెట్టింది. ఆగింది. మళ్ళీ గుర్రుమంది. ఇంతలో కింద బైకు ఆగిన చప్పుడు, మెట్ల మీద అడుగులు. ఆ అడుగులు ఈ ఇంట్లో పుట్టి పెరిగినవే, ఎవరివో ఇద్దరికీ చూడకుండానే తెలిసింది.

జయరామ్ గుమ్మంలో నిలబడ్డాడు. పెళ్ళాన్ని, మరదల్ని, ఖాళీ చెంబుని చూశాడు. కొడుకు అన్నం మానేసిన సంగతి, గుడి మాట, రెండూ కలిపి చూసుకునే వచ్చినట్టున్నాడు. కానీ మొహంలో కోపం లేదు.

"ఏమి, తోడికోడళ్ళు రాజీ అయిపోయినారా?" అన్నాడు నవ్వుతూ. "మంచిదే. నేనేమన్నా పరాయోణ్ణా? ఈ వర్క్‌షాపు కోసం బడి మానేసి సుత్తి పట్టుకున్నది నేను. తమ్ముణ్ణి వీధిలో నిలబెడతానా? అద్దె లేకుండా ఉండమంటా, ఇల్లు మాత్రం నా పేరున ఉంటది. ఏమంటావు కనకా?"

కనకవల్లి భువనేశ్వరి వైపు చూసింది. బతిమాలుతున్నట్టు లేదు, బెదిరిస్తున్నట్టూ లేదు. కంచం ముందు కూర్చుని వడ్డిస్తారా లేదా అని చూసే మనిషి చూపు అది.

భువనేశ్వరికి ఏమనిపించిందో ఏమో, లాయరమ్మ గుర్తురాలేదు, వాయిదా గుర్తురాలేదు. మామ నోరు తెరిస్తే తనూ నోరు తెరిచిన ఆ మొహమే కళ్ళ ముందుంది.

"బావా, ఆ రోజు మామకు అన్నం తినిపించింది అక్కే" అంది గట్టిగా. "నేను తప్పు రాసినా. కోర్టులో కూడా చెప్తా."

కనకవల్లి కళ్ళు నిండాయి. కొంగు వేలికి చుట్టడం ఆగిపోయింది. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చాక ఆమె మొహం అంత తేలికపడగా భువనేశ్వరి ఎన్నడూ చూడలేదు.

తను ఏం చేసిందో భువనేశ్వరికి అప్పుడు తెలిసింది. జయరామ్ నవ్వు ఉన్నట్టే ఉంది, కళ్ళలో మాత్రం లేదు. ఆయన చూపు పెళ్ళాం ఒళ్ళో బోర్లా పడున్న ఫోను మీద ఆగింది. అది కొడుకు పాత ఫోనని గుర్తుపట్టడానికి ఆయనకు ఎంతోసేపు పట్టలేదు.

"ఏ రోజు?" అన్నాడు.

భువనేశ్వరి నాలిక కరుచుకుంది. వీధిలో ఎవరో ఉప్పు, ఉప్పు అని కేకేసుకుంటూ పోతున్నారు. ఆ కేక మలుపు తిరిగిపోయింది.

"నిన్నే కనకా. ఏ రోజు తినిపించినావు?"

కనకవల్లి ఫోను చేతిలోకి తీసుకుంది. తెర ఆరిపోయి ఉంది; చూపించాలన్నా, చెరిపేయాలన్నా ముందు దాన్ని తెరవాలి. దాని మీద బొటనవేలు పెట్టింది.